మూడు రోజుల చీటీ

2025 ఫిబ్రవరి 10, సోమవారం

తెల్లవారుజామున మంచు. ఎనిమిదింటికల్లా ఎండ. మా ఆవిడ రెబ్కా దుప్పట్లు రెండూ ఉతికి దండెం మీద వేశాను.

మిర్చి యార్డులో మా కొట్టుకు మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, మూడు వందల పన్నెండు దిగాయి. కాటా దగ్గర నిలబడి బరువులు రాస్తూ మధ్యలో అయిదుసార్లు మూత్రానికి వెనక గోడవైపు వెళ్లాల్సి వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ చాలాసేపు నిలబడాలి. పక్క కొట్టు గుమాస్తా వెంకటనారాయణ హమాలీలందరి ముందూ అడిగాడు.

"ఏరా జక్రీ, ఆ గోడతో అంతసేపు ఏం మాట్లాడతావురా? అదేమన్నా బదులు చెబుతుందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత విడిగా పిలిచి బ్రాడీపేటలో ఒక డాక్టరు ఉన్నాడని చెప్పాడు. అతని బావమరిది అక్కడే చూపించుకున్నాడట. ఎల్లుండి వెళ్లమన్నాడు. నా కాటా తను చూసుకుంటానన్నాడు.

రాత్రి ఎన్నిసార్లు లేచానో రాయడం దేనికి.

ఫిబ్రవరి 12, బుధవారం

ఎండ. బిందెలు నింపి, రెబ్కాకు స్నానం చేయించి, పదింటికి బ్రాడీపేట వెళ్లాను.

డాక్టరు పేరు శశిభూషణ్. మా అమ్మాయి ఆరాధన కంటే చిన్నవాడిలా ఉన్నాడు. నెమ్మదిగా మాట్లాడతాడు. గరాటులాంటి దానిలో మూత్రం పోయమన్నారు. పక్కనున్న మిషను గీత గీసింది. గీత నేల మీద పాకుతున్నట్టే ఉంది, పైకి లేవలేదు. స్కాను తీసే ముందు మూడుసార్లు వెళ్లి కడుపు నొక్కుకుని వచ్చాను. అయినా లోపల ఇంకా నూట ముప్పై మిల్లీలీటర్లు మిగిలిందట. ప్రొస్టేట్ గ్రంథి ఇరవై గ్రాములు ఉండాల్సింది అరవై రెండు ఉంది. అందులో నడిమి ముక్క మూత్రాశయంలోకి పొడుచుకు వచ్చింది. కాగితం వెనక బొమ్మ గీసి చూపించాడు.

దారులు నాలుగున్నాయి అన్నాడు. మొదటిది ఆపరేషన్. పైన కోత ఉండదు, మూత్రం వచ్చే దారిలోనుంచే వెళ్లి అడ్డం ఉన్నదాన్ని గీకి తీసేస్తారు. రెండుమూడు రాత్రులు ఆసుపత్రిలో ఉండాలి. అన్నిట్లోకీ గట్టి దారి అదే. రెండోది క్లిప్పులు పెట్టి గ్రంథిని పక్కకు లాగి కట్టడం. నడిమి ముక్క ఉంది కాబట్టి నాకు కుదరదు. మూడోది సూదితో లోపలికి ఆవిరి పట్టించడం. విజయవాడ పంపిస్తారు. అదే రోజు ఇంటికి రావచ్చు గానీ వారం పది రోజులు పైపు ఉంటుంది, గుణం కనిపించడానికి రెండు నెలలు. నాలుగోది మాత్రలు.

ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లు విశ్రాంతి అని అడిగాను.

"నడవొచ్చు, తినొచ్చు, అన్నీ చేయొచ్చండి. బరువులు మాత్రం ఎత్తకూడదు. ఆరు వారాలు."

"ఎన్ని కిలోలు?"

నవ్వాడు. అలా ఎవరూ అడగలేదు కాబోలు. "అయిదు దాటొద్దండి. నీళ్ల బిందె కూడా వద్దు."

"ఆవిరికైతే?"

"కనీసం రెండు మూడు వారాలు."

రెబ్కా యాభై నాలుగు కిలోలు. కిందటి నెల కొట్టులో కాటా మీద కుర్చీతో సహా తూచి, కుర్చీ బరువు తీసేశాను. డాక్టరుకు అది చెప్పలేదు.

ముందు మాత్రలు రాశాడు. కొలతల గ్లాసొకటి, గడులు గీసిన చీటీ ఒకటి ఇచ్చాడు. మూడు రోజులు వరసగా ఎన్ని నీళ్లు తాగానో, ఎన్నిసార్లు వెళ్లానో, ఎంత వచ్చిందో, రాత్రి ఎన్నిసార్లు లేచానో రాసుకుని, నెల రోజులకు రక్తపరీక్ష, స్కాను చేయించుకుని రమ్మన్నాడు. అవన్నీ చూసి ఏ దారో తేలుద్దాం అన్నాడు.

లెక్క రాయడం నాకు కష్టమేమీ కాదు. చదివింది మూడో తరగతే అయినా నలభై ఏళ్లుగా చేస్తున్నది అదే.

ఫిబ్రవరి 13

రెబ్కాకు అంతా చెప్పాను. కళ్లార్పకుండా విన్నది. ఆరు వారాలు అన్నప్పుడు ఎడమ చెయ్యి నా గుండె మీద పెట్టి గట్టిగా నెట్టింది. మాట పడిపోయాక ఆ చెయ్యే ఆమెకు మాట. చొక్కాకు మిరప ఘాటు పట్టి ఉంటుంది, అందుకే నెట్టింది. స్నానం చేశాకే దగ్గరికి వెళ్లాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చికి వెళ్లాను. చివరి బల్ల మీద, తలుపు పక్కన కూర్చున్నాను. మాత్ర మొదలుపెట్టి అయిదో రోజు. ధార కొంచెం నయం.

పక్కింటి నజ్మీన్ మధ్యాహ్నం అన్నం తినిపించి వెళ్లింది. యార్డు ఉన్న రోజుల్లో ఆమే వచ్చి కూర్చుంటుంది. ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయాగా చేసింది. "నేను ఎత్తి కుర్చీలో కూర్చోబెడతాను బాబాయ్, మీరు మధ్యాహ్నం సైకిలేసుకుని పరిగెత్తుకు రావడం దేనికి?" అంది. వద్దన్నాను.

ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. నా మోకాలు ఆమె మోకాళ్ల మధ్య పెట్టాలి. ఆమె ఎడమ చెయ్యి నా మెడ చుట్టూ వేయించాలి. మూడు లెక్కపెట్టి లేపి, పావు చుట్టు తిప్పి, కమోడ్ కుర్చీలో దించాలి. రోజుకు నాలుగుసార్లు. రెండున్నర ఏళ్లు. ఒక్కసారి కూడా జారలేదు. ఇంకొకరి చెయ్యి తగిలితే ఆమె బిగుసుకుపోతుంది.

ఆమెను వేరేచోట ఉంచిన ఆ ఆరు రోజులు నాకు గుర్తే.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పొద్దున రెబ్కాను లేపాక కళ్లకు చీకట్లు కమ్మాయి. ఆమె బరువంతా నా మీదే ఉంది. కాళ్ల కింద నేల లేదు. ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. ఎడమ చెయ్యి. ఆ చెయ్యి లేకపోతే ఇద్దరం బండ మీద పడేవాళ్లం. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు.  ఆమె చేతికి ఊచ అచ్చు పడింది.

డాక్టరు ముందే చెప్పాడు, ఈ మాత్రతో లేచి నిలబడినప్పుడు తల తిరగొచ్చని. నెమ్మదిగా లేవమన్నాడు. నేను నెమ్మదిగా లేవగలను. ఆమెను నెమ్మదిగా లేపడం ఎలా.

ఫిబ్రవరి 22

మాత్ర వేసుకోలేదు.

ఫిబ్రవరి 23

వేసుకోలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

ఆరాధన కనిగిరి నుంచి ఫోన్ చేసింది. వాళ్ల బడిలో పరీక్షలు దగ్గర పడ్డాయట. అమ్మ పలక మీద రాస్తోందా అని అడిగింది. ఎడమ చేత్తో నాలుగు అక్షరాలు దిద్దడం నేర్చుకుంటుందని కిందటిసారి పలక, సుద్దముక్కలు తెచ్చింది. రాయడం లేదన్నాను. పలక ఎప్పుడు చూసినా ఖాళీయే. సుద్దముక్క మాత్రం అరిగిపోతోంది. నలుపుతుంది కాబోలు.

నా సంగతి అడిగింది. బాగున్నానన్నాను.

మార్చి 2, ఆదివారం

ఎండ ముదురుతోంది. నీళ్ల తొట్టి కడిగాను.

చీటీ మొదలుపెట్టాను. చర్చి ఉంది కాబట్టి నిన్న రాత్రి నుంచి నీళ్లు తాగలేదు. రాత్రి రెండుసార్లే లేచాను.

మార్చి 3

చిత్తు కాగితం మీద: రాత్రి 6. కొలత 60, 40, 80, 50, 30, 70.

మార్చి 4

చిత్తు: రాత్రి 7.

మార్చి 5, బుధవారం

శ్రమ దినాలు, ఈస్టరుకు ముందు నలభై రోజులు, మొదలు. సాయంత్రం ప్రార్థన.

యార్డుకు కొత్తగా వచ్చిన రైతులు కొందరు టిక్కీ మూతి దగ్గర ఎర్రటి మంచి కాయ సర్ది, పొట్టలో తెల్లబారిన తాలు కాయ పోస్తారు. కొనేవాడు మూతి విప్పి చూసి పోతాడు. నేను చెయ్యి మోచేతి దాకా దింపి అడుగు కాయ పైకి తీస్తాను. అది అరచేతిలో పెట్టి చూపించినప్పుడు ఆ మనిషి నేలవైపు చూస్తాడు.  ఎన్ని వందలమందిని అలా చూశానో.

చీటీ శుభ్రంగా రాశాను. ఆదివారం లెక్కే మూడు రోజులకూ వేశాను. అంకెలు కొద్దిగా అటూ ఇటూ మార్చాను. రాత్రి 2, 2, 1. లాటులో పది టిక్కీలు తూచి మిగతావాటికి సరాసరి కట్టడం మేం ఎప్పుడూ చేసేదే. ఆదివారం నిజంగానే రెండుసార్లు లేచాను. అది అబద్ధం కాదు.

రెబ్కా మంచం పక్కనే కూర్చుని రాశాను. చూస్తూనే ఉంది. ఆమెకు చదువు రాదు. చిత్తు కాగితం పొయ్యిలో వేశాను.

మార్చి 12, బుధవారం

బ్రాడీపేట. డాక్టరు చీటీ రెండుసార్లు చూశాడు. ఇంత పొందికగా ఎవరూ రాయరన్నాడు. మాత్ర పనిచేస్తున్నట్టుందన్నాడు. స్కాను, రక్తపరీక్ష కాగితాలు ఏవని అడిగాడు. అక్కడ జనం ఎక్కువగా ఉన్నారు, వచ్చే వారం చేయించుకుంటానన్నాను.

"చీటీ బాగుందండి. కానీ రక్తం చూడకుండా నేను ఏ మాటా చెప్పను. ఈ వారంలో తప్పకుండా రండి."

ఆ పరీక్షలు అడుగు కాయ తీసి చూపిస్తాయి. చూస్తే ఆపరేషన్ అంటాడు. ఆపరేషన్ అంటే ఆరు వారాలు.

రెబ్కాకు పక్షవాతం వచ్చిన కొత్తలో వ్యాయామం చేయిస్తారని ఒక చోట చేర్పించాం. ఆరు రోజులు. ఏడో రోజు చెప్పకుండా పొద్దున్నే వెళ్లాను. తడి దుప్పటి మీద గోడవైపు తిరిగి ఉంది. దుప్పటి అంచు ఎండి గీత కట్టింది. అంటే రాత్రంతా. పడిపోయిన చేతికి, పైన, నాలుగు వేళ్ల నల్లటి గుర్తులు. నన్ను చూసి ఏడవలేదు. ఇంకెవరి చేతుల్లోనూ పెట్టనని ఆ రోజు చెప్పాను. ఆ ఒక్క మాటే ఇచ్చాను ఆమెకు. పెళ్లప్పుడు ఇచ్చినవి పాస్టరుగారు చెబితే అన్నవి.

మార్చి 20

వెళ్లలేదు. కొట్టులో సరుకు ఎక్కువ.

మార్చి 27

వెళ్లలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఎండ. ఫ్యాను రెక్కలు తుడిచాను.

ఒక లెక్క వేసుకున్నాను. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు. ఆరాధన బడికీ సెలవులే. అప్పుడు విజయవాడ వెళ్లి ఆవిరి పట్టించుకోవచ్చు. రెండు వారాలు ఆరాధన చూసుకుంటుంది. రెండు వారాలే. కూతురు చెయ్యి ఇంకొకరి చెయ్యి కాదు. మే దాకా ఎలాగో గడపాలి.

లెక్క కుదిరినందుకు సాయంత్రం మనసు తేలికగా ఉంది. రెబ్కాకు చెప్పాను. మళ్లీ నెట్టింది. ఈసారి స్నానం చేశాను కూడా.

సాయంత్రం ఇచ్చిన నీళ్ల గ్లాసు ఆమె ముట్టుకోలేదు.

ఏప్రిల్ 9

గ్లాసు అలాగే ఉంది. రాత్రి నేను మళ్లీ ఎత్తాల్సి వస్తుందని తాగడం లేదేమో. అడిగితే గోడవైపు తిరిగింది.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

విపరీతమైన ఉక్క. పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో ప్రార్థన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో అయిదో మాట నేను చదవాలి, దాహం గురించినది. ఇరవై ఏళ్లుగా అది నాదే. నిన్న సాయంత్రం నుంచి చుక్క నీళ్లు తాగలేదు. అయినా మూడో మాటకు ఒకసారి, నాలుగో మాటకు ఒకసారి బయటికి వెళ్లాను. వెళ్లినా ఏమీ లేదు. చుక్కలు. తిరిగి వచ్చేసరికి పాస్టరుగారు నా కోసం ఆగి ఉన్నారు. అందరూ తలుపువైపు చూస్తున్నారు. నిలబడి చదివాను. పంచె ముందు భాగం పుస్తకంతో కప్పుకున్నాను.

వచ్చే ఏడాది ఇంకెవరికైనా ఇమ్మని చెప్పాలి.

ఏప్రిల్ 24, గురువారం

ఎండ. దుప్పట్లు మూడు ఉతికాను. మూడోది నాది.

ఏప్రిల్ 25

దుప్పట్లు మూడు.

ఏప్రిల్ 28, సోమవారం

సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. కాటా దగ్గర నిలబడడం వల్ల. అన్నం సహించడం లేదు, నోరు ఇనుము తిన్నట్టు ఉంది. ఎండలవల్ల. వెంకటనారాయణ నా మొహం చూసి మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్లావా అని అడిగాడు. వెళ్లానన్నాను. ఏమన్నాడని అడిగాడు. చీటీ బాగుందన్నాడని చెప్పాను. అది నిజమే.

సెలవులకు ఇంకా రెండు వారాలు.

మే 3, శనివారం

దగ్గు. యార్డులో దగ్గనివాడు ఎవడు. తాలు కాయ వేరుచేసేటప్పుడు లేచే దుమ్ము గొంతులో పచ్చిగా కూర్చుంటుంది. ముక్కు కారుతోందని హమాలీ పీరు జేబులోనుంచి జలుబు బిళ్లలు తీసి ఇచ్చాడు. అక్కడ అందరి జేబుల్లోనూ అవే. మూడు పూటలకు మూడు.

మే 5, సోమవారం

ముక్కు ఆగింది. బిళ్లలు ఇంకో మూడు తీసుకున్నాను.

మే 14, బుధవారం

ఇంట్లోనే ఉన్నాను. నిన్న ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. మంచం మీద పడుకుని రాస్తున్నాను. వడగాడ్పు. నేను ఏ పనీ చేయలేదు.

ఆరో తారీఖు పొద్దున నుంచి చుక్క రాలేదు. పదకొండింటికి కాటా దగ్గర అంకెలు రెండుగా కనిపించాయి. టిక్కీ మీద కూర్చుంటే పొట్ట డప్పులా ఉంది. వెంకటనారాయణ ఆటో తెచ్చాడు. దారి పొడుగునా తిట్టాడు. నా తలను తన భుజానికి ఆనించుకుని తిట్టాడు. ఆసుపత్రిలో పైపు వేస్తే పద్నాలుగు వందల మిల్లీలీటర్లు వచ్చింది. పైపు వేసిన అబ్బాయి అంకె చదివి మళ్లీ చదివాడు. కిడ్నీల పరీక్షలో ఒకటి ఉండాల్సింది ఏడు ఉందట. రెండు పూటలు మిషనుతో రక్తం కడిగారు, డయాలసిస్ అట.

ఆరాధన వచ్చింది. అల్లుడు కరుణాకర్ బయట బల్ల మీద పడుకున్నాడు. ఆరాధన నా మీద కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

డాక్టరు నా పాత చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంత మంచి లెక్క ఉన్న మనిషికి రెండు నెలల్లో ఇలా కావడం ఎక్కడా చూడలేదన్నాడు.  జలుబు బిళ్లల వల్ల ఆఖరి దారి మూసుకుపోయిందన్నాడు, కానీ మూత్రాశయం ఇంతగా సాగిపోవడానికి, కిడ్నీలు ఇంతగా దెబ్బతినడానికి నెలలు పడుతుందన్నాడు. అప్పుడు ఆరాధన ఫోన్ తీసి ఆయనకు ఒక ఫోటో చూపించింది.

మా ఇంట్లో గోడ అది. నీలం సున్నం. రెబ్కా మంచానికీ గోడకూ మధ్య సందులో, దుప్పటి వేలాడే చోట, పరుపు కంటే కింద. నేను లేని వారంలో నజ్మీన్ ఊడ్వడానికి మంచం లాగితే కనిపించిందట. సుద్దముక్కతో నిలువు గీతలు, నాలుగింటి మీదుగా అడ్డంగా ఒకటి, అయిదు. దాని పక్కన ఒకటో రెండో. తర్వాత కింద వరస. వరసకు ఒక రాత్రి, నేను లేచిన ప్రతిసారికీ ఒక గీత. జనవరి నుంచి. కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసేటప్పుడు ఆడవాళ్లు తట్టల లెక్క గోడ మీద బొగ్గుతో ఇలాగే వేసేవాళ్లు. మొదటిసారి రెబ్కాను చూసింది అక్కడే. మేస్త్రీ ఆమెకు ఒక తట్ట తక్కువ రాస్తే గోడ చూపించి నిలబడింది. నేను గీతలు లెక్కపెట్టి ఆమెదే సరైనదని చెప్పాను.

డాక్టరు ఫోటోను పెద్దది చేసి చూశాడు. ఆ ఫోన్‌ను నా చీటీకి పక్కగా పెట్టాడు.

"జక్రయ్యగారూ, ఈ రెండిట్లో ఏది నిజమండి?"

ఆరాధన నావైపు చూడలేదు. నేను నేలవైపు చూశాను.

"గోడ మీదదండి."

మే 16

ఆరాధన పొద్దున అడిగింది. "ఆరు వారాలే కద నాన్నా. నాకు ఒక్క ఫోన్ చేస్తే రానా నేను?"

వచ్చేది. ఆ సంగతి ఫిబ్రవరిలో కూడా నాకు తెలుసు.

మే 20, మంగళవారం

ఎండ నలభై నాలుగు అంటున్నారు. ఏ పనీ చేయలేదు.

ఆరాధన నిన్న కనిగిరి వెళ్లింది, మళ్లీ వస్తుంది. నన్ను బరువులు ఎత్తవద్దన్నారు. పైపు ఉంది, సంచి తొడకు కట్టుకుని ఉంటాను. రెబ్కాను ఇప్పుడు నజ్మీన్ ఎత్తుతోంది. ఇవాళ మొదటిసారి నా కళ్లతో చూశాను. ఒక దుప్పటి మడిచి రెబ్కా నడుము కిందుగా తోసి, రెండు కొసలూ పట్టుకుని, "లేవండి పిన్నీ, పెళ్లికి టైమవుతోంది, పెళ్లికొడుకేమో అక్కడ ట్యూబు వేసుకు కూర్చున్నాడు" అంది. ఒక్క ఊపు. కుర్చీలో ఉంది. నేను లెక్కపెట్టే మూడు కూడా పూర్తి కాలేదు.

రెబ్కా బిగుసుకుపోలేదు. నవ్వింది. గొంతులోనుంచి శబ్దం వచ్చింది. రెండున్నర ఏళ్ల నుంచి నేను ఆ శబ్దం వినలేదు.

నజ్మీన్ వెళ్లాక అడిగాను, భయం వేయలేదా అని. లేదన్నట్టు చెయ్యి ఊపింది. మరి నన్నెందుకు నెట్టేదానివి అని అడిగాను. ఆమె అయిదు వేళ్లు చూపించింది. తర్వాత రెండు. తర్వాత అరచేత్తో గాలిని తలుపువైపు నెట్టింది. మళ్లీ నెట్టింది.

చొక్కా ఘాటు కాదు, వెళ్లి చూపించుకోమని.

మే 23

నిద్ర పట్టింది. లేవాల్సిన పని లేదు కదా. రెబ్కా కూడా నిద్రపోయింది. గోడ మీద ఆఖరి వరస మే 5. ఏడు గీతలు. దాని కింద నీలం.

మే 28, బుధవారం

బ్రాడీపేట. వెంకటనారాయణ తోడు వచ్చాడు.

కిడ్నీల లెక్క ఏడు నుంచి మూడున్నరకు వచ్చి అక్కడ ఆగిపోయింది. మూత్రాశయానికి ఏదో పరీక్ష చేశారు, సన్న గొట్టంతో నీళ్లు నింపి నొక్కమన్నారు. నొక్కాను. మిషను మీద గీత లేవలేదు. తోసే బలం పోయిందన్నాడు డాక్టరు. ఫిబ్రవరిలో నాలుగు దారులు చెప్పిన మనిషి. ఆవిరి ఇక లేదు. మాత్రలు లేవు. ఆపరేషన్ చేసి అడ్డం తీసేయొచ్చు, కానీ అడ్డం తీసినా వెనకనుంచి తోసేది లేకపోతే పైపు పైపే. కిడ్నీలు కుదుటపడితే మూడు నెలల తర్వాత చూద్దాం అన్నాడు. కుదుటపడకపోతే అని నేను అడగలేదు.

"ఆశ వదులుకోవద్దండి."

ఆ గొంతు నాకు తెలుసు. తడిసిన సరుకు తెచ్చిన రైతుతో రేపు ధర పెరగొచ్చు అని మేము అనే గొంతు.

బయటికి వచ్చాక వెంకటనారాయణ టీ తాగించాడు. గోడ గురించి హాస్యం ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేది.

మళ్లీ ఒక చీటీ ఇచ్చారు. సంచిలోకి పూటపూటకూ ఎంత వస్తోందో రాయాలి. రోజుకు అయిదు వందలకు తగ్గితే ఆ గంటకే ఫోన్ చేయాలి, మళ్లీ రక్తం కడగాలి. అలా మొదలైతే ఇక వారానికి రెండుసార్లు, ఎప్పటికీ.

మే 30

1,150.

మే 31

900. ఎండలకు కాబోలు.

జూన్ 1, ఆదివారం

700. చర్చికి వెళ్లలేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థించి వెళ్లారు. వచ్చే ఏడాది అయిదో మాట గురించి చెబుదామనుకుని చెప్పలేదు.

రాత్రి రెబ్కా సుద్దముక్క చూపించి నా చీటీ చూపించింది. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నా అంకె తనకు చెప్పాలట. వందకు ఒక గీత. ఏడు గీసింది. అయిదు, పక్కన రెండు. మే 5న ఎన్ని గీసిందో ఇవాళా అన్నే. ఆ రోజు ఏడు చాలా ఎక్కువ.

జూన్ 2, సోమవారం

ఉదయం మబ్బు, గాలి లేదు. చాలా రోజుల తర్వాత ఒక పని చేశాను, కూర్చునే రెబ్కా జుట్టుకు నూనె రాసి దువ్వాను.

మొహం ఉబ్బింది. అద్దంలో చూసుకోలేదు, రెబ్కా చూసే చూపులో తెలిసింది. నజ్మీన్ పదింటికి వచ్చి ఆమెను కుర్చీలోకి మార్చి, నాకు జావ పెట్టి వెళ్లింది. రెండు గుక్కలు తాగాను.

ఉదయం ఆరింటికి 120. పదింటికి 80. మధ్యాహ్నం రెండింటికి 60. ఇప్పుడు అయిదు కావస్తోంది. సరాసరి కట్టను. అది నాకు నేను చెప్పుకున్నాను.

రెబ్కా మంచం అంచుకు జరిగింది. సుద్దముక్క పట్టుకుని, చెయ్యి సందులోకి దించి, నావైపు చూస్తోంది. ఫోన్ నా పక్కనే ఉంది. సంచి విప్పి గ్లాసులో వంచి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాను. అయిదింటికి 40. రెబ్కాకు ఉన్నదున్నట్టు చెప్పి, ఫోన్ అందుకున్నాను.